తెనాలిలో మూగ, రేపల్లెలో మూలుగు

తెనాలి స్టేషను రోడ్డులోంచి ఎడమకి తిరిగే సందులో, కుట్టుమిషన్ల కొట్టుకీ కళ్లజోళ్ల కొట్టుకీ మధ్య ఇరుక్కున్న పదడుగుల గది అబ్దుల్లాది. గదికన్నా బోర్డే పెద్దది. పసుపు మీద ఎర్రటి అక్షరాలు: "అబ్దుల్లా ఆంప్లిఫయర్స్. మా సెట్టులో హమ్ రాదు. వస్తే ఈ బోర్డు దించేస్తాం." ఇరవై తొమ్మిదేళ్ల ఎండకి పసుపు తెల్లబడింది, ఎరుపు ఇటుకరంగుకి దిగింది. మాట మాత్రం వెలిసిపోలేదు. బోర్డు దించవలసిన అవసరం ఒక్కనాడూ రాలేదు.

హమ్ అంటే ఏమిటో తెలియని అదృష్టవంతులుంటారు. ఒక పాట అయిపోయి ఇంకో పాట మొదలయ్యేలోగా స్పీకరు నోరు మూసుకుని ఉండాలి గదా, ఉండదు. పెళ్లిభోజనం ఎక్కువై ఒళ్లు కదపలేని మనిషిలా "ఊఁ..." అని సన్నగా మూలుగుతూ ఉంటుంది. గోడలోని కరెంటు సెకనుకి యాభైసార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగుడు ఎక్కడో సందు చూసుకుని సంగీతంలోకి దూరుతుంది. వెనకటికి ఋషులు సృష్టి మొత్తానికీ అడుగున ఒక నాదం ఉందన్నారట. అది విని తరించినవాళ్లున్నారు గానీ, అబ్దుల్లా చెవిలో పడి ఉంటే దానికీ ఒక కెపాసిటరు మార్చి ఉండేవాడు.

ఆ చెవి అతనికి బ్రహ్మయ్య పెట్టింది. బ్రహ్మయ్య నాటకాలకి మైకుసెట్టు కట్టేవాడు. తెనాలిలో నాటకం చూసేవాళ్లకి చెవులు మహా సూటి. పద్యం చివర రాగం తీసి, నటుడు ఊపిరి పీల్చుకునే జాగాలో హమ్ వినపడిందంటే ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి మైకువాణ్ణి చూసేవాళ్లు. ఆ చూపులు పడ్డ మరుక్షణం బ్రహ్మయ్య స్క్రూడ్రైవరు పిడి శిష్యుల నెత్తిన పడేది. శిష్యులు ఇద్దరు, అబ్దుల్లా ఒకడు, పున్నారావు ఒకడు. గురువుగారు పోయాక పున్నారావు బాపట్ల వెళ్లి, అద్దాల షోరూం పెట్టి, కంపెనీవాళ్లు సీలువేసి పంపిన సెట్లు అమ్ముకుంటున్నాడు. అబ్దుల్లా మాత్రం రేకు వంచి, తీగ చుట్టి, సెట్టు తనే తయారుచేస్తాడు.

అతని నిఖా నాడు ఖాజీగారు ఒప్పుకోలు అడుగుతుంటే పెళ్లికొడుకు చెయ్యెత్తి, "ఒక్క నిమిషం" అని మైకతని వైపు తిరిగి, "ఆ నల్లవైరు ఊడింది చూడు" అన్నాడు. జాన్‌బీ ఇప్పటికీ దాన్ని వదల్లేదు. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతుంది: "నాకంటే ముందు ఆ మైకుకి కబూల్ చెప్పాడు ఈయన."

ఇలాంటి మనిషి దగ్గరికి పోయిన ఆగస్టులో రేపల్లె నుంచి జ్ఞానమ్మ టీచరుగారు వచ్చింది. సైన్సు టీచరుగా రిటైరై పదేళ్లయింది. శనివారాలు వాళ్లింట్లో చర్చి ఆడవాళ్లు చేరి కీర్తనలు సాధన చేస్తారు. టీవీలో వచ్చే కీర్తన పెట్టుకుని, దాని వెంట పాడతారు. టీవీ గొంతు చాలడంలేదు, మంచి స్టీరియో సెట్టు కావాలి. అంతా విని అబ్దుల్లా ఒప్పుకున్నాడు. ఆవిడ లేవబోతూ ఆగింది.

"బాబూ, ప్లగ్గుకి మూడు కాళ్లుండాలి."

"రెండు చాలండి టీచరుగారూ. మా సెట్లన్నీ రెండు కాళ్ల మీదే నడుస్తాయి."

"మనుషులు నడుస్తారు రెండు కాళ్ల మీద. రేకు పెట్టె అన్నాక మూడో కాలుండాలి. లోపల వైరు ఊడి రేకుకి తగిల్తే కరెంటు భూమిలోకి పోవాలి గానీ నా ఒంట్లోకి రాగూడదు. ముప్పయ్యేళ్లు పిల్లలకి అదే చెప్పా. నా ఫ్రిజ్జు నన్నొకసారి కొట్టాక నేను కూడా నమ్మా."

టీచర్లతో వాదించి నెగ్గినవాళ్లు తెనాలిలో లేరు. అబ్దుల్లా తన జీవితంలో మొదటిసారి సెట్టుకి మూడు కాళ్ల ప్లగ్గు బిగించి పంపాడు.

వారం తిరక్కుండా ఫోను వచ్చింది.

"అబ్దుల్లా గారూ, మీ పెట్టె మూలుగుతోందండి."

"ఎవరి పెట్టండీ?"

"మీదే. మీ బోర్డు మీద రాయించారే, ఆ పెట్టె."

అబ్దుల్లా చేతిలో సోల్డరింగు ఐరను వేడెక్కి ఉన్న సంగతి కూడా మర్చిపోయి బల్ల మీద పెట్టాడు. బల్లకి ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

రేపల్లె బండి ఎక్కాడు. ఆ బండికి తొందర తెలియదు. జంపని, వేమూరు, భట్టిప్రోలు, ప్రతి ఊరినీ పేరుపేరునా పలకరించి గానీ ముందుకి పోదు. టీచరుగారి గేటు తీస్తుండగానే వినపడింది. ఊఁ... సందేహం లేదు. గదిలో నలుగురు ఆడవాళ్లు చాప మీద కూర్చుని ఉన్నారు. వాళ్లలో సామ్రాజ్యం అనే ఆవిడ గొంతు అందరికన్నా పెద్దది, నోరు ఇంకా పెద్దది.

"రండి రండి. మీ పెట్టె మాకంటే ముందే పాట ఎత్తుకుంది" అంది.

అబ్దుల్లా టీవీ సెట్‌టాప్ బాక్సు నుంచి తన సెట్టుకి వచ్చే వైరు పీకాడు. గది నిశ్శబ్దమైపోయింది. అబ్దుల్లా ముఖం వెలిగింది.

"చూశారా టీచరుగారూ? నా పెట్టె కాదు. వైరు కంతిరీది."

సంచీలోంచి మంచి వైరు తీసి తగిలించాడు. ఊఁ... ఇంకో వైరు, దానికన్నా లావుది, బంగారు మూతులది. ఊఁ... సామ్రాజ్యం పక్కావిడ వైపు వంగి, "దీనికి వైరు మార్చినా సుగుణం రాలేదే" అంది, రహస్యం అనుకుని.

ఇక లాభం లేదని సెట్టునీ, వైర్లనీ, సెట్‌టాప్ బాక్సునీ కలిపి మూటగట్టి తెనాలి తెచ్చాడు. కొట్లోని కేబులు తగిలించి స్విచ్చి వేశాడు. తెనాలి కేబులుకి రేపల్లె బాక్సు పలకదు గనక బొమ్మ రాలేదు. హమ్ కూడా రాలేదు. వాల్యూము మొదలంటా తిప్పి స్పీకరుకి చెవి ఆనించాడు. పక్క కొట్టు గోడ గడియారం టిక్కుటిక్కుమనడం వినపడుతోంది గానీ సెట్టు నోరు విప్పలేదు. కొట్టు వెనకే ఉన్న ఇంట్లోంచి జాన్‌బీని పిలిచి వినిపించాడు.

"ఏం వినపడటంలేదు" అంది.

"అదే! అదే నేను చెప్పేది!"

"ఏం వినపడనిదానికి నన్నెందుకు పిలిచారు? పొయ్యి మీద పాలున్నాయి."

మర్నాడు మళ్లీ రేపల్లె. ఊఁ... మళ్లీ తెనాలి, నిశ్శబ్దం. మళ్లీ రేపల్లె. మూడో ప్రయాణానికి జంపనిలో రోజూ ఎక్కే పెద్దమనిషి అబ్దుల్లా ఒళ్లోని పెట్టెను చూసి, "సాయిబుగారూ, దీనికి కూడా సీజను పాసు తీయించండి" అన్నాడు. బండిలో అందరూ నవ్వారు. అబ్దుల్లా నవ్వలేదు. ఆ పెట్టెకి తెనాలిలో నోరు పడిపోయి రేపల్లెలో ఎందుకు లేస్తుందో ఆలోచిస్తున్నాడు. ఉప్పుగాలేమో అనుకున్నాడు. పుట్టింట్లో నోరెత్తని పిల్ల అత్తింట్లో అరవడంలాంటిదేమో అని కూడా అనుకుని, టెక్నీషియను ఇలా ఆలోచించకూడదని తనని తనే మందలించుకున్నాడు.

ఆ రాత్రి అన్నం దగ్గర జాన్‌బీ మెల్లగా అడిగింది.

"బోర్డు దించుతారా?"

"ఇంకా లేదు."

"రాసింది మీరేగా."

అతను పెరుగు వేసుకోకుండానే లేచాడు. ఇరవై తొమ్మిదేళ్లలో అతను దాచుకున్నదంటూ ఉంటే ఆ ఒక్క వాక్యమే. అది అబద్ధమైతే మిగిలేది రేకూ, తీగలూ.

ఇక మింగలేని మాత్ర మింగాడు. బాపట్ల వెళ్లాడు.

పున్నారావు షోరూంలో ఏసీ, అద్దాలు, అద్దాల్లో పున్నారావు బొజ్జ నాలుగైదు చోట్ల కనపడుతోంది. అంతా విని కుర్చీలో వెనక్కి వాలి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు ఆగేదాకా అబ్దుల్లా గోడమీది కేలండరు చదివాడు.

"ఒరే సాయిబూ, మూడో కాలు ఎవడు పెట్టమన్నాడ్రా నిన్ను? ఎన్ని సెట్లు బిగించా నేను! హమ్ వచ్చిందా, ఎర్త్ పిన్ను కొట్టెయ్. ఠక్కున ఆగిపోయిద్ది."

"టీచరుగారు ఒప్పుకోదు."

"ఆవిడకి చెప్పి కొడతావా ఏంటి? మంచినీళ్లు అడుగు. లోపలికెళ్లి తెచ్చేలోపు కొట్టెయ్."

"షాకు కొడితే?"

"ఏళ్ల తరబడి నీ సెట్లకి లేదుగా మూడో కాలు. ఎవడన్నా పోయాడా?" పున్నారావు ముందుకి వంగాడు. "అదీ ఇష్టం లేకపోతే చెప్పు. నిచ్చెన నేనే పట్టుకొస్తా. బోర్డు దించి మా వాటర్ ట్యాంకు మీద మూతేసుకుంటా. సైజు సరిపోయిద్ది."

అబ్దుల్లా టీ తాగకుండానే లేచాడు. కానీ బాపట్ల నుంచి వస్తూ దారి పొడుగునా కటింగు ప్లయరు జేబులో బరువుగా తగులుతూనే ఉంది.

శనివారం పొద్దున రేపల్లెలో టీచరుగారింట్లో ఇంకా ఎవరూ రాలేదు. ఆవిడ పెరట్లో బక్కెట్టుతో నీళ్లు పోస్తోంది. మొక్కకి కాదు, గోడ వారన సిమెంటు పలక కింద ఉన్న గుంటకి. ఎర్త్ గుంట. బొగ్గూ ఉప్పూ వేసి, రాగి పలక పాతి, రోజూ నీళ్లు పొయ్యమని ఎలక్ట్రీషియను చెప్పాడట. చాలామంది వింటారు, గృహప్రవేశం దాకా పోస్తారు. ఆవిడ పద్నాలుగేళ్లుగా పోస్తోంది, ప్రార్థన ఎంత క్రమంగా చేస్తుందో అంత క్రమంగా.

"దప్పికేస్తోందండి టీచరుగారూ" అన్నాడు అబ్దుల్లా, ఆవిడ ముఖం చూడకుండా.

ఆవిడ లోపలికి వెళ్లింది. అతను ప్లగ్గు పీకి, ప్లయరు తీసి, మూడో కాలుకి పట్టించాడు. ఒక్క నొక్కు చాలు. సరిగ్గా ఆ నొక్కు దగ్గరే చెయ్యి ఆగిపోయింది. బ్రహ్మయ్య గుర్తొచ్చాడు. గురువు బతికుంటే ఈపాటికి స్క్రూడ్రైవరు పిడి నెత్తిన పడేది.

పడలేదు గానీ, వెనక నుంచి గొంతు వచ్చింది.

"ఆ కాలు తెంపితే మీ బోర్డు నిలబడుద్ది బాబూ. నేను పడిపోతా."

టీచరుగారి చేతిలో గ్లాసు అలాగే ఉంది. అబ్దుల్లాకి అరవై రెండేళ్లు. పరీక్షలో కాపీ కొడుతూ దొరికిన ముఖం పెట్టాడు.

"తెంపలేదండి."

"చూశాలే. అందుకే నీళ్లిస్తున్నా. తాగండి. తాగి, కాళ్లు తెంపడం మాని ప్రయోగం చేద్దాం. ఒక్కోటీ పీకి చూద్దాం. ఇంతకుముందు మీరు ఇటు వైరే పీకారు గదా. బాక్సు వెనక వీధిలోంచి వచ్చే కేబులు పీకారా?"

పీకలేదు. కేబులుది బొమ్మల వ్యవహారం, తనది పాటల వ్యవహారం అనుకున్నాడు. సెట్టుకి కరెంటిచ్చి, బాక్సుకీ సెట్టుకీ మధ్య వైరు అలాగే ఉంచి, వెనక మరమూతి తిప్పి కేబులు ఊడదీశాడు.

నిశ్శబ్దం. తిరిగి బిగించాడు. ఊఁ... ఊడదీశాడు. నిశ్శబ్దం.

"ఇది వీధిలోంచి వస్తోందండీ!" అన్నాడు, దొంగని పట్టుకున్నవాడిలా.

ఇద్దరూ కేబులు వెంట నడిచారు. కిటికీ, గోడ, స్తంభం, స్తంభం నుంచి పక్కింటి బసవేశ్వరరావు వరండా. అక్కడ గోడకి ఒక డబ్బా ఉంది. వీధికంతటికీ బొమ్మని బలంగా తోసే డబ్బా అది. దానికి కరెంటు కావాలి గనక కేబులతను ఏ వీధికావీధి ఒక ఇంటిని మాట్లాడుకుంటాడు: మీరు కరెంటివ్వండి, మీకు కేబులు ఊరికే ఇస్తాను. ఈ వీధిలో ఆ ఒప్పందం బసవేశ్వరరావుది. డబ్బా ఆయన ప్లగ్గు మీద, ఆయన ఎర్త్ మీద నడుస్తోంది.

గోడ మీదుగా టీచరుగారు పిలిచింది.

"బసవేశ్వరరావుగారూ, మీ ఎర్త్ గుంట ఎక్కడుందండి?"

"ఉండే ఉంటుందండి. టైల్సు వేయించాం గదా, దానికింద."

"మరి నీళ్లు?"

"రోజూ పోస్తున్నామండి. టైల్సు మెరవద్దూ?"

టీచరుగారు ఇంట్లోకి వచ్చి పాత కేలండరు వెనక బొమ్మ గీసింది. ఇక్కడొక ఎర్త్, తడిది. అక్కడొక ఎర్త్, ఎండిపోయింది. రెండిటికీ మధ్య వీధిలో కేబులు లోపలి లోహపు తొడుగు, ఇంట్లో పాట వైరు, సెట్టు రేకు, మూడో కాలు. మొత్తం కలిపితే ఒక గుండ్రం. ఆ ఇంట్లో అడుగూబొడుగూ కారే కరెంటుకి సొంత గుంటలో దారి లేక, కేబులు పట్టుకుని, అబ్దుల్లా సెట్టు మీదుగా నడిచి, ఈ తడిగుంటలోకి దిగుతోంది. నడుస్తూ నడుస్తూ మూలుగుతోంది. గుండ్రాన్ని ఎక్కడ తెంపినా ఆగుతుంది.

"మరి తెనాలిలో ఎందుకు రాలేదంటారు?" అంది. "మీ కొట్లో ఎర్త్ బాగుందా?"

అబ్దుల్లాకి తన కొట్టులోని గోడప్లగ్గు కళ్లముందు కనపడింది. మూడో బెజ్జం ఉంది. దాని వెనక వైరు లేదు. అగ్గిపుల్ల గుచ్చి రెండు కాళ్ల ప్లగ్గు దూర్చడానికి తప్ప ఇన్నేళ్లలో ఆ బెజ్జం దేనికీ పనికిరాలేదు. గుండ్రమే లేదు, ఇక హమ్ ఎక్కడ తిరుగుతుంది? అసలు తను బిగించిన సెట్లు వెళ్లిన ఇళ్లలో ఎన్నిటికి నిజమైన ఎర్త్ ఉంది? ఉన్నా, తన రెండు కాళ్ల ప్లగ్గు దాన్ని ముట్టుకుంటేగా? ఈ నిశ్శబ్దం ఇన్నాళ్లూ తన పనితనమా, ఊళ్లవాళ్ల బద్ధకమా?

"టీచరుగారూ, బోర్డు దించాల్సిందేనండి" అన్నాడు.

"సెట్టు మూలగలేదు గదా. వీధి మూలిగింది."

"బోర్డు మీద వీధి సంగతి రాయలేదండి. హమ్ రాదని రాశా. వచ్చింది."

ఆవిడ వాదించలేదు. "దించుదురుగాని. ముందు నా సంగతి చూడండి. క్రిస్మస్‌కి మా వాళ్లు పాడాలి. ఆ కాలు ఉండాలి, కేబులుండాలి, మూలుగుండకూడదు" అంది.

జంపని దాటుతుండగా అబ్దుల్లాకి బ్రహ్మయ్య పాత మైకు వైరు గుర్తొచ్చింది. స్టేజీ మీది నుంచి పొడుగాటి వైరు వచ్చేచోట గురువు ఒక చిన్న రేకు డబ్బా కట్టేవాడు. లోపల ఒకే ఇనుము మీద రెండు తీగచుట్టలు. ఒకదానికొకటి తగలవు. పక్కపక్క ఇళ్లవాళ్లు గేటు తియ్యకుండా గోడ మీదుగా మాట్లాడుకున్నట్టు, పాట ఇటు నుంచి అటు పోతుంది, మనిషి మాత్రం పోడు. "ఇదెందుకు గురువుగారూ?" అని అప్పట్లో అడిగితే, "ఉండనీరా" అన్నాడు తప్ప చెప్పలేదు. బహుశా ఆయనకీ తెలియదు. పనిచేస్తుందని మాత్రం తెలుసు.

ఇంటికెళ్లి అటక మీద ఆ డబ్బా వెతికాడు. దాన్ని చూసి అలాంటివి రెండు, ఎడమ స్పీకరుకొకటి, కుడి స్పీకరుకొకటి, చేత్తో చుట్టడం మొదలుపెట్టాడు. రెండు చుట్టల్లో చుట్లు సమానంగా ఉండాలి. లెక్కకి జాన్‌బీని కూర్చోబెట్టాడు.

"నాలుగొందల పదకొండు, నాలుగొందల పన్నెండు... కూరలోకి చింతకాయ వెయ్యనా?"

"ఎన్నయినయ్?"

"చింతకాయలా?"

మళ్లీ మొదట్నుంచీ చుట్టాడు. మూడోసారికి ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని వేళ్లతో లెక్కపెట్టింది.

తర్వాతి శనివారం సాయంత్రం చాప మీద నలుగురూ ఉన్నారు. అబ్దుల్లా డబ్బాలు మధ్యలో తగిలించి, మూడు కాళ్ల ప్లగ్గు గోడలో పెట్టి, కేబులు బిగించి, స్విచ్చి వేశాడు. వాల్యూము తిప్పాడు. ఇంకా తిప్పాడు. వీధిలో సైకిలు బెల్లు వినపడింది. పెరట్లో బక్కెట్టులోంచి చుక్క పడటం వినపడింది. అంతే. అబ్దుల్లా కళ్లు మూసుకున్నాడు.

"ఇక ఎత్తుకోండమ్మా" అంది టీచరుగారు.

ఎత్తుకున్నారు. నలుగురూ నాలుగు శ్రుతుల్లో. ఆగారు. మళ్లీ ఎత్తుకున్నారు. ఈసారి ఇంకా ఘోరం. సామ్రాజ్యం చేతులు దులుపుకుని అబ్దుల్లా వైపు తిరిగింది.

"అన్నయ్యా, ఏమనుకోకు. ఇన్నాళ్లూ ఆ మూలుగు పట్టుకునే ఎత్తుకుంటున్నాం. ఇప్పుడు శ్రుతి దొరకటంలేదు. కాస్సేపు ఆ డబ్బాలు పీకుదూ."

టీచరుగారు నవ్వి నవ్వి కళ్లజోడు తీసి తుడుచుకుంది. అబ్దుల్లా మాత్రం డబ్బాల మీద రెండు చేతులూ అడ్డం పెట్టి, "అడక్కండి చెల్లెమ్మా, ఇంకేదైనా అడగండి" అన్నాడు. చివరికి టీచరుగారే గొంతు సవరించుకుని శ్రుతి ఇచ్చింది. ఆ సాయంత్రం సామ్రాజ్యం కూడా నెమ్మదిగా పాడింది.

సోమవారం తెనాలిలో మేస్త్రీ వచ్చి కొట్టు వెనక గుంట తవ్వాడు. బొగ్గు, ఉప్పు, రాగి పలక. మూడో బెజ్జం వెనక ఆకుపచ్చ వైరు బిగిసింది. అబ్దుల్లా షాపులో నమూనా సెట్టుకి కూడా మూడు కాళ్లు పెట్టి, కేబులు తగిలించి స్విచ్చి వేశాడు. ఊఁ... సొంత కొట్టులో, సొంత బోర్డు కింద, ఎదురుగా నిలబడ్డ ఇద్దరు కస్టమర్ల సాక్షిగా.

అతను బయటికి వచ్చి, స్టూలెక్కి, మేకులు పీకి, బోర్డు దించేశాడు.

ఆ వార్త బాపట్లకి సాయంత్రంలోగా చేరింది. రెండ్రోజుల తర్వాత పున్నారావు ట్రాలీ ఆటో కట్టించుకుని, అన్నట్టుగానే నిచ్చెన వేసుకుని దిగాడు.

"దించావంటగా?"

"దించా."

"ఏదీ, మూత?"

బోర్డు కొట్టు లోపల గోడకి ఆనించి ఉంది. రంగు ఇంకా తడిగా ఉంది. పసుపు మీద ఎర్రక్షరాలు, కొత్తగా: "అబ్దుల్లా ఆంప్లిఫయర్స్. అన్ని సెట్లకీ మూడు కాళ్లు. మీ ఇంట్లో ఎర్త్ బాగుంటే హమ్ రావచ్చు. వస్తే డబ్బా పెడతాం. పాత కస్టమర్లు ప్లగ్గు మార్పించుకోండి, ఉచితం."

పున్నారావు రెండుసార్లు చదివాడు. కాసేపు, ఇప్పుడు డబ్బాలు తగిలించి ఉన్న నమూనా సెట్టు దగ్గర నిలబడి, వాల్యూము పూర్తిగా తిప్పి, స్పీకరుకి చెవి ఆనించాడు. మూలుగు లేదు. ఆనించినవాడు చాలాసేపు తియ్యలేదు. ఇద్దరి నెత్తి మీదా పడిన దెబ్బలు ఒకే గురువువి గదా.

"ఏరా, ఇది మన బ్రహ్మయ్యగారి డబ్బా గదూ?"

"అదే."

"నాకూ రెండియ్యి."

"కాలు కొట్టేస్తే పోయేదానికి డబ్బాలెందుకురా?"

"కొట్టా. బాపట్లలో ఒకరింట్లో. ఆ ఇంటాయన ఎలక్ట్రిసిటీలో ఇంజినీరంట. మొన్న చూశాడు." పున్నారావు బోర్డు వైపు తిరిగి విషయం మార్చాడు. "ఎత్తు పట్టు. నిచ్చెన ఎటూ తెచ్చాగా."

అబ్దుల్లా ఎక్కాడు, పున్నారావు కింద పట్టుకున్నాడు. సందులో జనం ఆగి చూశారు. మేకు కొడుతుండగా పెరటి వైపు నుంచి జాన్‌బీ ఖాళీ బక్కెట్టుతో వచ్చింది. ఎర్త్ గుంటకి నీళ్లు పోసే పని ఆవిడకే వచ్చి పడింది. నడుం మీద చెయ్యి వేసుకుని పైకి చూసింది.

"వంకరగా ఉంది" అంది.

"ఎటు?"

"ఎడమకి. కాదు, కుడికి. మీరు మాట్లాడకండి, నేను చూస్తున్నాను."